ఇరవైన్నర గంటల ప్రయాణం

"గంటకు పన్నెండొందల డెబ్బై కిలోమీటర్లు. ఏ డ్రైవరప్పా వాడు, నాకు చూపించు."

మా మామ గోవిందప్ప పొద్దున ఏడింటి నుంచీ ఇదే మాట పట్టుకుని కూర్చున్నాడు. హాలు మధ్యలో అట్లాసు పరిచి ఉంది. దాని మీద నా కుట్టు డబ్బాలోని నల్ల దారం. హైదరాబాదు నుంచి బొంబాయి, బొంబాయి నుంచి జోహన్నెస్‌బర్గు, అక్కడి నుంచి సముద్రం దాటి బ్రెజిల్లో సావో పాలో. దారాన్ని వేళ్ళతో నొక్కి పట్టి కొలిచాడు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు. రెండుసార్లూ పదిహేను వేలే వచ్చింది.

"నాన్నా, అది బస్సు కాదు," అన్నాడు మా ఆయన షూ లేసు కట్టుకుంటూ.

"బస్సు కాదని నాకూ తెలుసులే సురేంద్రా. ముప్పై రెండేళ్ళు అనంతపురం డిపోలో కంట్రోలరుగా చేసినా. ఏ సర్వీసు ఎన్ని గంటలకు యాడికి చేరాలో చార్టు రాసిందే నేను. టికెట్టులో ఏముండాది? గురువారం రాత్రి ఎనిమిదికి బేగంపేటలో ఎక్కేది. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఆడ దిగేది. ఇరవైన్నర గంటలు. అవునా?"

"అవును."

"బొంబాయిలో అయిదుంబావు గంటలు ఉత్తగా కూర్చుంటారు. ఆ ఆఫ్రికా ఊర్లో మూడున్నర. అవి తీసెయ్. పన్నెండు గంటలు గూడా మిగల్లేదు. పన్నెండు గంటల్లో పదిహేను వేల కిలోమీటర్లు ఎట్ల పోతాదప్పా?"

"టికెట్టు రాసినవాళ్ళకు తెలీదా?"

"రాసినోడూ మనిషే కదా."

మా ఆయన నా వైపు చూశాడు. నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను చూపు తిప్పుకుని పాప గౌన్లు మడత పెట్టాను. రేపు ప్రయాణం పెట్టుకుని ఈ తండ్రీకొడుకులు దారం పట్టుకుని కొట్లాడుతుంటే నాకు ఏ సూట్‌కేసులో ఏం పెట్టానో గుర్తుండటం లేదు. పాప టోపీలు మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాను.

"లెక్క తేలేదాకా బిడ్డను నేను ఇయ్యను," అంది మా అత్త శారదమ్మ. సుష్మని ఒళ్ళో వేసుకుని వంటింటి గడప దగ్గర కూర్చుంది. "ఆదివారం ఏమనుకున్నాము? ఒక దినం లోపల అయితేనే. దాటితే బిడ్డ నా దగ్గరే."

"దాటదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?" అంటూ ఆయన బండి తాళాలు తీసుకున్నాడు. ఆఫీసు కాగితం ఒకటి సంతకం చేయించుకోవాలట. సైబర్ టవర్స్ మా ఇంటికి పది నిమిషాల దూరం. పోయి భోజనానికి వచ్చేస్తానన్నాడు.

ఆయన గుమ్మం దాటాక మా మామ నాతో అన్నాడు. "వాడికి కోపం వచ్చింది కానీ, జవాబు రాలేదు చూసినావా తల్లీ."

*

సుష్మకి పద్నాలుగు నెలలు. మూడు నెలల కింద జ్వరం వచ్చి, ఆ జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. పదిహేను రోజులకు మళ్ళీ వచ్చాయి. రెండోసారి ఇంట్లో నేనొక్కదాన్నే. ఆయన ఆఫీసులో ఉన్నాడు, ఫోను ఎవరూ ఎత్తలేదు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ రాజమ్మ ఆటో పిలిచి, నాతో పాటు ఎక్కి, దారంతా పాపని ఒక పక్కకు తిప్పి పట్టుకుంది. లేకపోతే నేనేమయ్యేదాన్నో.

డాక్టర్ నాగేశ్వరి గారు సిరప్ రాశారు. ఎనిమిది గంటలకొకసారి. ఒక్క మోతాదు కూడా తప్పకూడదు, నిద్ర చెడకూడదు, జ్వరం రానివ్వకూడదు అన్నారు. ప్రయాణం మాట అడిగితే, "ఎన్ని గంటలండీ?" అన్నారు. ఈయన ఇరవైన్నర అన్నాడు. "ఒక రోజు లోపలైతే తీసుకెళ్ళండి. అంతకు మించేట్టుంటే మళ్ళీ నన్ను అడక్కుండా ఎక్కించకండి," అన్నారు.

ఆ మాట మీదే మా అత్త ఒప్పుకుంది. ఆమెను నేనేమీ అనను. మొదటిసారి ఫిట్స్ వచ్చింది ఆమె చేతుల్లోనే.

పాప ఆగితే నేనూ ఆగాలి. ఆగితే ఉండేది ఇక్కడ కాదు. ఈ వాటా ఒకటో తారీఖు నుంచి గచ్చిబౌలిలో పనిచేసే వాళ్ళకెవరికో మాట్లాడేశారు. అనంతపురం పోవాలి. డాక్టరమ్మకు రాత్రంతా బస్సు దూరంలో, ఆఫీసు పని మీద బ్రెజిల్ పోయిన ఆయన లేకుండా, ఆరు నెలలు. మళ్ళీ పాప కళ్ళు అట్లా తేలేస్తే ఎవరిని పిలవను? 

అందుకే ఆ ఇరవైన్నరను నేను గట్టిగా పట్టుకున్నాను. దారం ఏం చెప్పినా సరే.

*

డాబా మీద పాప బట్టలు ఆరేస్తుంటే రాజమ్మ మెట్లెక్కి వచ్చింది.

"ట్యాంకరు పన్నెండింటికి వస్తదట. బిందెలు నింపుకో. అన్నీ సర్దినవా?"

"ఏం సర్దడం పిన్నీ. పొద్దున్నుంచీ లెక్కలే. విమానం అంత తొందరగా ఎట్లా పోతుందని మామ, పోతుందని ఆయన."

"ఎన్ని గంటలట?"

"ఇరవైన్నర. ఇక్కడ రాత్రి ఎనిమిదికి ఎక్కితే, తెల్లారి సాయంత్రం నాలుగున్నరకు దిగుతాం."

రాజమ్మ తడి గౌను నా చేతిలోంచి తీసుకుని దులిపింది. "ఆడి నాలుగున్నరనా, మన నాలుగున్నరనా?"

"అంటే?"

"మా ఆయన మస్కట్‌ల ఎనిమిదేండ్లు చేసిండు కదా. మొదటిసారి పోయిన్నాడు ఈడ తొమ్మిదికి ఎక్కిండు. పదకొండింటికి దిగిన అని ఫోన్ చేసిండు. రెండు గంటలే పట్టింది, కరీంనగర్ పోయినంత సేపు గూడ గాలేదని నేను వాడకట్టంతా చెప్పుకున్న. అందరు నవ్విన్రు. ఆడ గడియారం వేరే నడుస్తది. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే రాస్తరంట."

నా చేతిలో క్లిప్పు అట్లాగే ఉండిపోయింది.

"ఆడికీ మనకూ ఎంత తేడానో ఎరుకేనా?" అంది రాజమ్మ.

ఎరుకే. నాకు బాగా ఎరుకే. అక్కడి నుంచి మా పుట్టింటికి ఎప్పుడు ఫోన్ చేయాలో ఆయనే చెప్పాడు. ఇక్కడ సాయంత్రం ఆరైతే అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. ఎనిమిదిన్నర గంటలు వెనక. ఆ ముక్క చెప్పినవాడికి ఈ ముక్క తట్టలేదు.

నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయం. తొమ్మిదో క్లాసు సగంలో బడి మానిపించినప్పుడు పుస్తకాలన్నిటికీ ఏడ్చాను, లెక్కల పుస్తకానికి తప్ప. అయినా పిట్టగోడ మీద కూర్చుని వేలి కణుపులు పట్టుకున్నాను. అక్కడి శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఎనిమిదిన్నర కలిపితే ఇక్కడ శుక్రవారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంట. గురువారం రాత్రి ఎనిమిది నుంచి శుక్రవారం రాత్రి ఎనిమిదికి ఒక రోజు. ఆ మీద తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, ఒకటి.

ఇరవైతొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. తప్పు నాదే అయితే బాగుండునని ఇంకోసారి లెక్కపెట్టాను.

"ఫికర్ చెయ్యకు. నీ చేతి గడియారం తిప్పకుండ అట్లనే ఉంచుకో. దిగేటాళ్లకు అది ఎంత చూపిస్తే అంత," అంది రాజమ్మ.

"అది కాదు పిన్నీ. మందు."

కిందికి పరుగెత్తాను. ఫ్రిజ్ తలుపు మీద ఆయన రాసి అంటించిన చార్టు ఉంది. నీలం సిరాతో, స్కేలు గీతలతో ముచ్చటగా ఉంది. ఎక్కిన రాత్రి పది, పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, దిగాక రాత్రి పది. నాలుగు మోతాదులు. చేతిసంచీలో పెట్టమని నాలుగు మోతాదులు చిన్న సీసాలో కొలిచి పోశాడు. పెద్ద సీసా లగేజీలో, తువ్వాళ్ళ మధ్యన.

అక్కడి రాత్రి పది అంటే ఇక్కడ శనివారం పొద్దున ఆరున్నర. ఎనిమిదేసి గంటలకు ఐదుసార్లు పట్టాలి.

నాలుగు సరిపోవు.

*

ఆయన పన్నెండున్నరకు వచ్చాడు. వంటింట్లోకి పిలిచి కుక్కరు పెట్టాను. ఆ చప్పుడులో మాట హాల్లోకి పోదు.

"అక్కడ దిగేది ఎవరి నాలుగున్నర?"

"ఎవరిదంటే? ఇదేం ప్రశ్న?"

"మనదా, వాళ్ళదా?"

నవ్వబోయాడు. ఆగిపోయాడు. గ్యాసు రసీదు వెనక్కి తిప్పి పెన్ను తీశాడు. రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. ఆ చెవులు ఎర్రబడటం నేను పెళ్ళిచూపుల్లో చూశాను, మళ్ళీ ఇప్పుడు చూశాను.

"ఇరవైతొమ్మిది," అన్నాడు చివరికి.

"నాకూ అంతే వచ్చింది."

"నీకు ఎవరు చెప్పారు?"

"రాజమ్మ పిన్ని."

"రాజమ్మ." పెన్ను మూత పెట్టాడు. "రెండేళ్ళ నుంచి నేను చేసే పనే తేదీలు సరిచెయ్యడం. రెండు వేల సంవత్సరం వస్తే బ్యాంకుల కంప్యూటర్లు తప్పు చెప్తాయని వేల ఫైళ్ళు చూసినా. ఆ పని మీదే నన్ను అక్కడికి పంపుతున్నారు. రాజమ్మకు తెలిసింది నాకు తెలీలేదు."

"మీ బాధ తర్వాత పడుదురు. మందు నాలుగుసార్లే పోశారు. ఐదుసార్లు కావాలి."

"ఐదోది పోస్తా. అదెంతసేపు?"

"మరి ఇరవై నాలుగు దాటితే అడగమన్నారు కదా డాక్టరమ్మ."

ఆయన గొంతు తగ్గించాడు. "సౌజన్యా, విను. మందు టైముకు పడితే చాలు. ఐదుసార్లు కాకపోతే ఆరుసార్లు పోసుకుపోదాం. ఈ సంగతి హాల్లో చెప్పద్దు. డాక్టరుకూ వద్దు. వాళ్ళు జాగ్రత్త కోసం ఏదో ఒక గీత గీస్తారు. నాలుగైదు గంటలకు ఏం మునిగిపోతుంది?"

"నిద్ర చెడితే వస్తాయన్నారు."

"నిద్రపుచ్చుదాం. ఇద్దరం ఉంటాం కదా."

"ఉంటాం. కానీ అడిగి ఉందాం."

"అడిగితే ఆమె వద్దంటే?"

 ఆ ప్రశ్న డాబా మీద నుంచి దిగేటప్పుడే నాకు వచ్చింది. 

"అనంతపురం పోయి ఉంటావా ఆరు నెలలు? రాత్రిపూట నువ్వు ఎట్ల లేచి కూర్చుంటావో నాకు తెలీదా? పాప మూతి దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంటావు. నేను పక్కనుంటేనే ఇట్ల ఉండావు." కుక్కరు కూత ఆగింది.  ఆయన మెల్లగా అన్నాడు. "నాన్న ముందర నా పరువు కూడా కొంచెం చూడు."

మూడు నెలల నుంచీ ఈ ఇంట్లో అందరి పరువూ చూసుకుంటూ వచ్చాను. మామ దారం పరువు, అత్త మాట పరువు, ఇప్పుడు ఈయన చార్టు పరువు. పాపకు పట్టాల్సిన ఐదో చెంచా ఎవరి లెక్కలోనూ లేదు.

కంచాలు తీసుకుని హాల్లోకి నడిచాను.

*

అన్నం వడ్డిస్తుంటే మామ అట్లాసు పక్కకు జరిపాడు.

"నేను ఇంకో లెక్క కట్టినా. గంటకు తొమ్మిదొందలు అనుకుందాం. పదిహేడు గంటలు గాల్లో. దాదాపు తొమ్మిది గంటలు ఆగేది. ఇరవయ్యైదు దాటుతాది సురేంద్రా. యాడో తప్పుండాది."

ఆయన పప్పు కలుపుకుంటూ తల ఎత్తలేదు. "ఇరవైన్నరే నాన్నా. ఆఫీసులో కూడా అడిగొచ్చినా."

నెయ్యి గిన్నె నా చేతిలో ఉంది. పొద్దున ఇదే మాట తెలియక అన్నాడు. ఇప్పుడు తెలిసి అన్నాడు. అదే గొంతు, అదే ధీమా. పక్కనున్న నాకు కూడా తేడా తెలియలేదు. 

"ఆఫీసులో అన్నారా? అట్లయితే సరే," అన్నాడు మామ. నమ్మాడు. దారం ఉండ చుట్టడం మొదలుపెట్టాడు.

"సరే కాదు మామా," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. వద్దు అన్నట్టు కళ్ళు చిన్నవి చేశాడు.

"ఇరవైతొమ్మిది గంటలు. టికెట్టు మీద రాసిన నాలుగున్నర వాళ్ళ ఊరి నాలుగున్నర. అక్కడి గడియారం మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. మేం ఆ సంగతి చూసుకోలేదు. ఇప్పుడే చూశాం."

మేం అన్నాను. ఆయన్ని కాపాడాలనో, నన్ను నేను కాపాడుకోవాలనో.

  మామ తలలో లెక్క నడుస్తున్నట్టు పెదవులు కదిలాయి. గెలిచినవాడి ముఖం పెడతాడనుకున్నాను. పెట్టలేదు.

"ఇప్పుడే అంటే ఎప్పుడు?" అన్నాడు కొడుకుతో. "నేను ఇరవయ్యైదు అన్నప్పుడు నీకు తెలుసునా?"

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

"తినేటోడు లేస్తాడేమిరా? అడుగుతాండా కదా."

"తెలుసు నాన్నా. అయితే ఏం చెయ్యాలి? మీ షరతుకు సరిపోవాలి కదా."

"షరతు నాదా? డాక్టరమ్మది కాదా?" అంది అత్త. పాపని చాప మీద పడుకోబెట్టి సూట్‌కేసు దగ్గరికి పోయింది. ఒక్క మాట లేకుండా గౌన్లు, టోపీలు, స్వెట్టర్లు తీసి దివాను మీద పెట్టసాగింది. నేను పొద్దుటి నుంచీ పెట్టిన వరసలోనే, ఒక్కటీ నలగకుండా తీస్తోంది. అది చూస్తే నాకు ఏడుపు కంటే ముందు తిక్క వచ్చింది.

"అత్తా, ఆగు. నేను చెప్పింది తీసెయ్యమని కాదు."

"మరి ఎందుకు చెప్పినావు?"

"అడగాలని. ఆమె అంతకు మించితే అడగమన్నారు, వద్దనలేదు."

"అడుగు," అన్నాడు మామ. "ఇప్పుడే అడుగు. ఆమె పొమ్మంటే నేను ఒక్క మాట అనను. వద్దంటే వీడు ఒక్క మాట అనకూడదు. శారదా, నువ్వు ఆ బట్టలు అట్లే ఉంచు."

ఒంటిగంటకు ఆసుపత్రి మూసేస్తారు. పది నిమిషాలుంది. ఫోను దగ్గరికి పోతే ఆయన ముందే వచ్చి రిసీవరు మీద చెయ్యి పెట్టాడు.

"నేను మాట్లాడతా. నువ్వు కంగారుపడతావు."

"పడతాను. పడుతూనే మాట్లాడతాను."

చెయ్యి తీశాడు. నంబరు తిప్పాను. ఎవరో అమ్మాయి ఎత్తి, ఉండమని, చాలాసేపటికి డాక్టరమ్మకు ఇచ్చింది.

"చెప్పండి సౌజన్య గారూ. రేపే కదా మీ ప్రయాణం?"

"అవును మేడం. గంటల గురించి ఒక మాట..."

"ఎన్ని గంటలన్నారప్పుడు?"

ఆయన నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. తండ్రికి కనపడకుండా ఛాతీ దగ్గర రెండు వేళ్ళు చూపించి, పిడికిలి మూశాడు. ఇరవై. ఆ కళ్ళల్లో మోసం లేదు. భయమే ఉంది. నాకున్నంత భయం ఆయనకూ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"అప్పుడు ఇరవైన్నర అన్నాం మేడం. అది తప్పు. ఇరవైతొమ్మిది. ఇంటి నుంచి ఇంటికైతే ముప్పై మూడు దాకా అవుతుంది."

ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

అటువైపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు. నేను రిసీవరును రెండు చేతులతో పట్టుకున్నాను.

"చాలా ఎక్కువే అండి," అన్నారు డాక్టరమ్మ. "అయినా అసాధ్యమేం కాదు. మధ్యలో మందు ఎట్లా ఇవ్వాలో, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో రాసిస్తాను. కానీ ఒక్కటే షరతు. ఒంట్లో జ్వరం ఛాయ కూడా ఉండకూడదు. ఏమాత్రం ఉన్నా రేపు వద్దు. ఇప్పుడు పాప ఒళ్ళు ఎట్లా ఉందో చూసి చెప్పండి."

"జ్వరం ఉందేమో చూడమంటున్నారు," అన్నాను వెనక్కి తిరిగి.

మా అత్త చాప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. పాప నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. తీసి, మెడ కింద పెట్టింది. అక్కడి నుంచి చెయ్యి తియ్యలేదు. తలెత్తి, ముందు కొడుకును, తర్వాత నన్ను చూసింది.

"కొంచెం వెచ్చగా ఉండాదే సౌజన్యా," అంది.

పొద్దున నేను ముట్టుకున్నప్పుడు చల్లగానే ఉంది. అప్పటి నుంచీ పాప ఆమె ఒళ్ళోనే ఉంది. ఆ వెచ్చన జ్వరానిదో, ఒడిదో, బిడ్డను ఇయ్యనన్న మాటదో నేను ముట్టుకుంటే గానీ తేలదు.

"హలో, ఉన్నారా అండి?" అంది ఫోను.

నేను ఫోను పట్టుకునే ఒక అడుగు ముందుకు వేసి, చెయ్యి చాచాను. తీగ అక్కడికే సరిపోయింది. నా వేళ్ళకూ పాప నుదుటికీ మధ్య ఇంకా జానెడు దూరం ఉంది.